సమాధుల మాస్టారు

భీమడోలులో పాసింజరు ఎక్కిన ఒకాయన నా ఎదురు సీట్లో కూర్చుంటూ పక్కనున్న మనిషితో అన్నాడు: "సమాధుల మాస్టారు పోయారంటండీ. నిన్న సాయంత్రం, ఏలూరులోనే."

"అయ్యో! మా నాన్నగారికి ఆయనే కదండీ చేసింది," అన్నాడు పక్కాయన.

ఉంగుటూరు దాకా ఇద్దరూ ఆయన గురించే మాట్లాడుకున్నారు. అన్నీ మంచిమాటలే. నేను నోరు విప్పలేదు. నాకూ తెలుసంటే, ఎలాంటి మనిషండీ అని అడుగుతారు. ఆ ప్రశ్నకి రైల్లో జవాబు చెప్పడం నా వల్ల కాదు.

ఆయన అసలు డ్రాయింగు మాస్టారు. ఏలూరులో ఒక హైస్కూల్లో పిల్లలకి మామిడి పిందెలూ కలశాలూ గీయడం నేర్పి రిటైరయ్యారు. ఆ తర్వాత పట్టుకున్నదే ఈ సమాధుల పని. మా క్రైస్తవ కుటుంబాల్లో మనిషి పోతే ఏడాది తిరిగేలోగా సమాధి కట్టించి, తలవైపు నల్లరాతి పలక నిలబెట్టి, పేరూ తేదీలూ ఒక వాక్యమూ చెక్కిస్తారు. మాస్టారికి ఆ నల్లరాయంటే గిట్టేది కాదు.

"అద్దంలా మెరుస్తుందండీ అది. దగ్గరికెళ్లి చూస్తే మన మొహం కనబడుతుంది గానీ పోయినవాళ్ల మొహం కనబడదు," అనేవారు.

ఇంకో కారణం కూడా చెప్పేవారు. కొల్లేటి చుట్టుపక్కల నేలంతా మెత్తటి ఒండ్రు. బరువైన రాయి నాలుగు వానాకాలాలకి పక్కకి ఒరుగుతుంది, ఇంకో నాలుగింటికి సగం దిగబడుతుంది. అందుకని ఆయన తేలికైనవి చేసేవారు. ఇనుప జాలీని కావలసిన ఆకారంలో వంచి, దాని మీద పల్చగా సిమెంటు మెత్తి, లోపల బోలుగా వదిలేసేవారు. పైన పగిలిన కప్పులూ సాసర్ల ముక్కలూ, పాత ఇళ్లు పడగొట్టినప్పుడు దొరికిన రంగు పెంకులూ అతికేవారు. జీవితమంతా కొల్లేట్లో తాటిదోనె నడిపిన ఒక ముసలాయనకి బోర్లించిన దోనె చేసిపెట్టారు. వీధివీధీ తిరిగి పూలమ్మిన ఒకావిడకి గంప. కోళ్లంటే ప్రాణమిచ్చే ఒక నాయనమ్మకి, అంచున రెండు పిట్టలున్న నీళ్లపళ్లెం. వేసవిలో ఆ పళ్లేన్ని ఇంటివాళ్లు నింపేవారు. పిట్టలు నిజంగానే వచ్చేవి.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవారు. జుట్టుకి నల్లరంగు వేసేవారు, చెవుల మీద అంటుకున్న రంగు మాత్రం తుడుచుకునేవారు కాదు. ఎండైనా వానైనా చేతిలో గొడుగు. చిన్నపిల్లల్ని కూడా "ఏవండీ" అనే పిలిచేవారు. పొగడ్తంటే మహా ఇష్టం. ఎవరైనా "చాలా బాగా చేశారండీ" అంటే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఏంటండీ? ఈ చెవి సరిగ్గా వినబడదు, ఇంకోసారి చెప్పండి," అనేవారు. రెండోసారి చెబితే రెండో చెవి తిప్పేవారు. ఆయనకి రెండు చెవులూ బాగానే వినబడతాయని ఊరందరికీ తెలుసు. అయినా అందరూ మళ్లీ చెప్పేవారు.

చావింటికి వెళ్లినప్పుడు మాత్రం ఆ వేషాలేవీ ఉండేవి కాదు. కాఫీ ఇస్తే పుచ్చుకోరు, మంచినీళ్లు అడుగుతారు. గొడుగు గోడకి ఆనించి, కింద చాప మీద కూర్చుని, కళ్లు మూసుకుని మొదటి ప్రశ్న అడుగుతారు:

"వారు ఎలా నవ్వేవారండీ?"

వయసు ఎంత, జబ్బేంటి, ఉద్యోగమేంటి అని అందరూ అడిగి అడిగి వెళ్లిన ఇంట్లో ఈ ప్రశ్న వినగానే మనుషులు ఒక్క క్షణం ఆగిపోయేవారు. తర్వాత చెప్పడం మొదలుపెట్టేవారు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేదనీ, నవ్వితే దగ్గొచ్చేదనీ, అసలు నవ్వేవాడే కాదు ఆ రాక్షసుడనీ. మాస్టారు కళ్లు తెరవకుండా వింటూ, చూపుడువేలితో గాల్లో ఏదో గీస్తూ ఉండేవారు.

ఏలూరులో మా ఇంటికి కూడా అలాగే వచ్చారు. రెండువేల మూడు ప్రాంతం. మా అక్క పోయి అప్పటికి కొన్ని నెలలైంది.

మా సొంతూరు మండవల్లి. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నాన్న పొలం పనికి పోయి చీకటి పడ్డాక గానీ వచ్చేవాడు కాదు. స్కూలు నుంచి అక్కా నేనూ చెరువుగట్ల మీద నడిచి వచ్చేసరికి పొద్దుగూకేది. ఎవరూ లేని చీకటింట్లోకి అడుగుపెట్టాలంటే నాకు వణుకు. వంతెన దాకా వచ్చాక అక్క నా సంచి కూడా తీసుకుని, "నువ్వు మెల్లగా రా. నేను ముందెళ్లి దీపం పెడతా," అని పరుగెత్తేది. నేను గట్టు మీద ఒక్కో అడుగే వేసుకుంటూ, మా ఇంటి కిటికీలో వెలుగు కనబడే దాకా ఆ కిటికీనే చూస్తూ నడిచేదాన్ని.

అక్క మిషను కుట్టి నన్ను చదివించింది. తను పెళ్లి చేసుకోలేదు. నేను టీచరునై ఏలూరులో స్థిరపడ్డాక జబ్బు పడింది. ఆసుపత్రిలో ఆఖరి రోజు మధ్యాహ్నం, నేను మంచం పక్కన కూర్చుని ఉంటే, నా చెయ్యి తడిమి, వంతెన దగ్గర అనే అదే మాట అంది. మగతలో అన్నదో, తెలిసే అన్నదో నాకు తెలియదు. ఆ తర్వాత ఇంకేమీ మాట్లాడలేదు.

ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. నాన్నకి కూడా చెప్పలేదు. మాస్టారికి చెప్పాను.

ఒక్కసారిగా కాదు. ఆయన చాలా సాయంత్రాలు వచ్చారు. అక్క నవ్వు గురించి, కత్తెర పట్టుకునే తీరు గురించి, దారం తెంపేటప్పుడు పళ్లు బిగించే తీరు గురించి అడిగారు. వంతెన పిట్టగోడ మీద ఇద్దరం కూర్చునేవాళ్లమని చెబితే, ఎవరు ఎటువైపు అని అడిగారు. అంత శ్రద్ధగా ఒక మనిషి గురించి ఇంకో మనిషి అడగడం నేను అంతకుముందు చూడలేదు. చివరికి ఆ మాట కూడా నా నోటి నుంచి వచ్చేసింది. మాస్టారు కళ్లు తెరిచారు. గాల్లో వేలు ఆగిపోయింది.

"ఇంక నేను గీయక్కర్లేదమ్మా," అన్నారు.

ఆయన చేసింది ఒక బల్ల. మోకాలెత్తు సిమెంటు బల్ల, వీపు ఆనించుకోవడానికి తక్కువ ఎత్తు గోడ. సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడు దాని మీద తుంగచాప పరిచి అదిమారు. చాప తీసేశాక ఆ అల్లికంతా అచ్చుపడింది. దూరం నుంచి చూస్తే ఎవరో బల్ల మీద చాప వేసి లోపలికెళ్లారేమో అనిపించేది. పక్కపక్కనే ఇద్దరు కూర్చుని లేచినట్టు రెండు చిన్న గుంటలు. ఆ మాట ఎక్కడ రాయాలన్నప్పుడు ముందువైపు వద్దన్నాను. వెనకవైపు, సమాధుల తోట పక్కనున్న కాలవకేసి ఉన్నచోట, దారినపోయేవాళ్లకి కనబడకుండా ఉండాలన్నాను.

మాస్టారు నా చేతికి ఒక మేకు ఇచ్చారు. "మీ మాట మీరే రాయండి. నా అక్షరాలు అందంగా ఉంటాయి గానీ అవి డ్రాయింగు మాస్టారివి."

ఏలూరులో ఆయన పెరటి షెడ్డులో గొంతుక్కూచుని పచ్చి సిమెంటు మీద రాశాను. చెయ్యి వణికి 'దీపం'లో గుడిదీర్ఘం పైకి పోయి పక్క అక్షరాన్ని గీసుకుంది. చెరిపి మళ్లీ రాస్తానంటే మాస్టారు ఒప్పుకోలేదు. "ఉండనివ్వండి. వణికిన చోటు వణికినట్టే ఉండాలి," అన్నారు.

మండవల్లి సమాధుల తోటలో దాన్ని దింపిన రోజు, నేనేమీ అడగకుండానే, ఆయన బల్ల మీద చెయ్యి వేసి అన్నారు: "ఇలాంటిది ఇంకెవరికీ చెయ్యనమ్మా. ఇది మీ ఇద్దరిదే."

నేను ఏడ్చాను. అక్క పోయాక అంత తేలిగ్గా ఏడవడం అదే మొదలు.

అప్పటి నుంచి మాస్టారు మా ఇంటి మనిషైపోయారు. ఆదివారం ఆరాధన అయ్యాక గొడుగు ఊపుకుంటూ వచ్చి వరండాలో కూర్చునేవారు. "టీచరమ్మా, ఐసు ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషండీ. రాత్రీ పగలూ చల్లటి చేతులు. నవ్వితే కళ్లు మూసుకుపోయేవట. ఏం రాద్దాం?" అని అడిగేవారు. నేను ఆలోచించి ఒక వాక్యం చెప్పేదాన్ని. నచ్చకపోతే మొహమాటం లేకుండా, "ఇది పుస్తకంలోదిలా ఉందండీ," అనేవారు. నచ్చితే లేచి నిలబడేవారు. అలా ఎంతమందికి రాశానో గుర్తులేదు. ఆయన అడిగితే ఇంకా ఎన్నైనా రాసిచ్చేదాన్ని. ఈ సంగతి ఆయనకీ తెలుసు.

మా స్కూల్లో ఆయాగా పనిచేసే ఆవిడ తల్లి పోతే భూస్థాపనకి కైకలూరు వెళ్లాను. ప్రార్థన అయ్యాక జనం కదులుతున్నారు. నేను పక్కకి తప్పుకుని సమాధుల మధ్య నడుస్తుంటే తుంగచాప అల్లిక కనబడింది. బల్ల. రెండు గుంటలు. కాళ్లు వాటంతటవే వెనకవైపుకి తిరిగాయి. అక్కడ నా చేతిరాత. 'దీపం' దగ్గర పైకి జారిన గీత కూడా అలాగే ఉంది.

బల్ల మీద ఒకావిడ కూర్చుని కొంగుతో చాప గీతల మధ్య దుమ్ము తుడుస్తోంది. నన్ను చూసి పక్కకి జరిగింది.

"కూర్చోండమ్మా. మా ఆయనదండి."

కూర్చున్నాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదు.

"వెనకాల మాట చూశారాండి? మా ఆయనే అన్నారండి, పోయేముందు. మొదట నాకు గుర్తే లేదండి. సమాధుల మాస్టారు వచ్చి కళ్లు మూసుకుని అడిగారండి, 'వెళ్లేముందు ఏమైనా అన్నారామ్మా, మెల్లగా రమ్మని గానీ, తను ముందెళ్తానని గానీ,' అని. ఆలోచిస్తే అప్పుడు గుర్తొచ్చిందండి. అన్నారండి. అన్నారు." ఆవిడ గుంటలో అరచెయ్యి పెట్టింది. "ఐసు ఫ్యాక్టరీలో చేసేవారండి. చేతులెప్పుడూ చల్లగా ఉండేయి."

ఆ మనిషికి నేనొక వాక్యం రాసిచ్చాను. అది ఆ సమాధి మీద ఎక్కడా లేదు.

ఆవిడకి ఏమీ చెప్పలేదు. ఎలా చెప్పను? అది మా అక్క మాటమ్మా, మీ ఆయన అనలేదు అంటే, ఆవిడకి భర్త ఇంకోసారి పోయినట్టే. "బాగుందండీ," అని లేచి వచ్చేశాను. కైకలూరు నుంచి ఏలూరు దాకా బస్సులో, దారంతా చేపల చెరువులు కనబడుతుంటే, నాకు మాస్టారి మీద కోపం కంటే నా మీద నాకు అసహ్యం ఎక్కువైంది. అక్క నాకొక్కదానికే ఇచ్చిన మాటని నేనే తీసుకెళ్లి ఇంకొకరి చేతిలో పెట్టాను.

మాస్టారు ఆ రోజుల్లో తాడేపల్లిగూడెంలో ఎక్కువగా ఉంటున్నారు. కాంపౌండు గోడలకి సిమెంటు జాలీలూ పూలకుండీలూ పోతపోసే ఒక యార్డులో ఆయనకి కొంత చోటిచ్చారు. పని పెరిగిందనే చెప్పారు గానీ అక్కడ ఏం చేస్తున్నారో నాకెప్పుడూ చూపించలేదు. మర్నాడు సెలవు పెట్టి వెళ్లాను.

యార్డులో ఒక పక్క పూలకుండీలు, ఇంకో పక్క బల్లలు. వరసగా, ఒకే రకం, నీళ్లు చల్లిన గోనెపట్టాలు కప్పుకుని. వాటి వెనక గోడకి ఆనించి, వాటిని పోసిన అచ్చు నిలబెట్టి ఉంది. అచ్చులో అక్షరాలు తిరగబడి ఉంటాయి కదా. మా అక్క మాట చివరి నుంచి మొదటికి, అద్దంలో చూసినట్టు ఉంది. చదవడానికి నాకే కాసేపు పట్టింది.

మాస్టారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. నేను అచ్చు ముందు నిలబడి ఉండడం చూసి ఆగిపోయారు.

"ఎప్పుడు తీశారండీ ఇది?" అన్నాను.

ఆయన ఈసారి చెవి దగ్గరికి చెయ్యి పెట్టుకోలేదు.

"మండవల్లి తీసుకెళ్లకముందే," అన్నారు.

"అంటే ఆ రోజు బల్ల మీద చెయ్యి వేసి ఇంకెవరికీ చెయ్యనన్నప్పటికే ఇది ఉంది."

"ఉంది."

"మరి ఎందుకన్నారు?"

"మీరు అలా ఏడుస్తారని తెలుసమ్మా. ఆ మాట వింటే మీకు నిబ్బరంగా ఉంటుందని..." ఆయన ఒక బల్ల మీద కూర్చోబోయి, నన్ను చూసి, మళ్లీ నిలబడ్డారు. "కొందరి దగ్గర ఏమీ ఉండవు, టీచరమ్మా. అడిగితే 'మంచివాడండీ' అంటారు, ఏడుస్తారు. అంతే. పోయేముందు ఎవరూ ఏమీ అనరు. ఊపిరి ఆడక, మందుల మత్తులో అలా పోతారు. వీళ్లు ఖాళీ చేతులతో ఇంటికెళ్తారు. నా దగ్గర ఇంత మంచిమాట ఉంటే దాచుకుని కూర్చోమంటారా?"

"మీ దగ్గర లేదండీ. నా దగ్గరుంది."

"మీ అక్కగారు ఇప్పుడు ఎంతమందికి దీపం పెడుతున్నారో చూడండి."

ఆ మాట అనకపోతే ఏమో. అప్పటిదాకా నేను గొంతు పెంచలేదు.

"మా అక్క ఎవరికీ పెట్టలేదు. నాకు పెట్టింది. నేను చీకటికి భయపడేదాన్నని పెట్టింది. ఆ కైకలూరావిడ భర్త ఆ మాట అనలేదు. మీరు అనిపించారు. ఆవిడకి ఆయన నిజంగా ఏమన్నాడో, అదేదో చిన్న మాటైనా సరే, మంచినీళ్లిమ్మని అడిగాడో, అది కూడా ఇంక గుర్తుకి రాదు. మీరు దాని మీద ఈ బల్ల పెట్టేశారు."

 పని చేసుకుంటున్న ఇద్దరు మనుషులు చూడనట్టు కుండీల వైపు తిరిగారు.

"ఒక్కమాట అడిగుంటే?" అన్నాను.

"అడిగితే వద్దంటారు కదండీ," అన్నారు ఆయన. అబద్ధం చెప్పే మనిషి గొంతు కాదు అది. ఆ క్షణంలో ఆయన నాతో నిజమే మాట్లాడుతున్నారు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. వద్దంటానని తెలుసు. తెలిసే అడగలేదు. తెలిసే ఆదివారం ఆదివారం మా వరండాలో కూర్చుని నాతో వాక్యాలు రాయించుకున్నారు. వాటిలో ఎన్ని వాడారో, ఎన్నింటి స్థానంలో ఈ అచ్చు పోశారో నేను అడగలేదు.

ఆ అచ్చు పగలగొట్టమని కూడా అడగలేదు. అప్పటికే ఎన్ని ఊళ్లలో ఎంతమంది ఆ బల్లల మీద కూర్చుంటున్నారో. వాళ్లందరి దగ్గరికీ వెళ్లి లాక్కోలేను కదా.

తర్వాత మాస్టారు రెండు ఆదివారాలు వచ్చి గేటు దగ్గర నిలబడ్డారు. నేను బయటికి రాలేదు. మూడో ఆదివారం నుంచి రాలేదు. చర్చిలో ఎదురైతే ఆయనే ముందు తలొంచుకుని పక్కకి తప్పుకునేవారు. మండవల్లి వెళ్లినప్పుడు నేను అక్క బల్ల మీద కూర్చోవడం మానేశాను. కూర్చుంటే ఇంకెన్నో బల్లలు గుర్తొచ్చేవి. సమాధి పక్కన గడ్డి మీద కూర్చుని వచ్చేసేదాన్ని.

రైల్లో ఆ వార్త విన్నప్పటికి మా మధ్య మాటల్లేక నాలుగేళ్లు కావస్తోంది. తాడేపల్లిగూడెంలో పని చూసుకుని తిరిగి వచ్చేసరికి భూస్థాపన అయిపోయింది. అయిపోవాలనే నేను అక్కడ ఆలస్యం చేశానేమో. తర్వాత వాళ్లింట్లో జరిగిన ఆదరణ కూటం ప్రార్థనకి కూడా వెళ్లలేదు.

కొన్ని వారాల తర్వాత మాస్టారి భార్య మా ఇంటికి వచ్చారు. చాలా తక్కువ మాట్లాడే మనిషి. మాస్టారు అంతసేపు మాట్లాడుతుంటే ఈవిడకి ఎప్పుడు సందు దొరుకుతుందా అని ఒకప్పుడు అనుకునేదాన్ని. కుర్చీ అంచున కూర్చుని, కాఫీ ఇస్తే పుచ్చుకుని, గ్లాసు పూర్తిగా ఖాళీ చేసి కింద పెట్టాక అన్నారు:

"ఆయన సమాధికి ఆ బల్ల పెట్టమన్నారండి. మీ మాట ఉన్నది."

నేను ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

"అచ్చు తాడేపల్లిగూడెం యార్డులోనే ఉందండి. ఒక్క పూటలో పోసేస్తామన్నారు వాళ్లు. కానీ మిమ్మల్ని అడక్కుండా పెట్టొద్దన్నారండి ఈయన. ఆఖరి వారంలో రెండు మూడుసార్లు చెప్పారు. 'టీచరమ్మని అడుగు. ఆవిడ సరే అంటేనే పెట్టు,' అని."

బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. నాకు మాస్టారు మా చాప మీద కూర్చుని అక్క గురించి అడిగిన సాయంత్రాలు గుర్తొచ్చాయి. అంత బాగా విన్నవాళ్లు నా జీవితంలో ఇంకెవరూ లేరు. విన్నది నాకోసమా, బల్ల కోసమా అన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు. ఎవరెవరి సమాధుల మీదో అడక్కుండా రాసుకున్న మనిషి, తన దాకా వచ్చేసరికి అడుగుతున్నారు. సరే అనడానికి నాకు ఒక్క మాట చాలు. ఎదురుగా ఉన్నావిడకి ఏ పాపమూ తెలియదు. అచ్చు ఎలాగూ పాతబడిపోయింది.

"వద్దండీ," అన్నాను.

ఆవిడ తలూపారు. ఆశ్చర్యపోలేదు.

"వద్దంటారనే చెప్పారండి ఆయన. అయినా అడిగి రమ్మన్నారు."

లేచి, గ్లాసు తనే వంటింటి గడప దాకా తీసుకెళ్లి పెట్టి, గుమ్మంలో చెప్పులు వేసుకున్నారు. "మరి ఇంకేదైనా ఒక మాట రాసిస్తారాండి, ఆయనకి?" అని అడిగారు. చూసి చెబుతానన్నాను. ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా చాలాసార్లు కాగితం ముందు కూర్చున్నాను. ఆయన గురించి రాసిన ఏ వాక్యమైనా నాకే అబద్ధంలా కనబడింది, లేదంటే ఆవిడ చేతికి ఇవ్వలేనిదిగా ఉంది. చివరికి ఏమీ పంపలేదు. ఆవిడ మళ్లీ అడగలేదు.

ఏలూరు సమాధుల తోటలో ఆయన సమాధి మీద ఇప్పుడు పేరొక్కటే ఉంది. దాని పక్కగా వెళ్లాల్సి వచ్చినప్పుడు ఆగుతాను. జాలేస్తుంది. కానీ ఆవిడ ఇప్పుడొచ్చి అడిగినా, వద్దనే చెబుతాను.